పగులు కనబడిన నాడే

ప్రమాదములను గూర్చి మనకు తెలియని దేమున్నది? నిప్పు కాల్చుననియు, నీరు ముంచుననియు, పాము కరచుననియు ఉగ్గుపాలనాడే నేర్చుకొన్నాము. నేడు పిల్లల పాఠములలోను, రేడియోలోను, చేతిలోని ఫోనులోను, ఆసుపత్రి గోడలమీదను ఇవే హెచ్చరికలు. ఐనను కాలువారు కాలుచునే యున్నారు, మునుగువారు మునుగుచునే యున్నారు. కొరత తెలివిలో లేదు. తెలిసినది చేతికి దిగుటలో నున్నది. అది యెక్కడ ఆగిపోవుచున్నదో సోదరీమణులతో కొంత ముచ్చటింపవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. దృష్టాంతమునకై దూరము పోనక్కరలేదు. అది మా శ్రీకాళహస్తిలోనే యున్నది.

స్వర్ణముఖీ తీరమున, కాళహస్తీశ్వరుని సన్నిధికి ముందు, శ్రీకృష్ణదేవరాయలు 1516వ సంవత్సరమున కట్టించిన రాజగోపురము ఏడంతస్తులతో, ఇంచుమించు 120 అడుగుల యెత్తున నిలిచి యుండెను. మా ఊరివారు దానిని గాలిగోపురమని పిలుచుచుండిరి. దాని నీడలో పూలు, కొబ్బరికాయలు, గాజులు, పిల్లల బొమ్మలు అమ్ముకొనువారు తరతరములుగా బ్రదికిరి. గోపురమున పగులున్నదన్న మాట ఊరికి క్రొత్త కాదు. రోజును చూచుచుండిన పగులు కంటికి అలవాటయి, ఒక అలంకారమువలె తోచును. మన యింటి గోడలమీది పగుళ్లను మన మట్లే చూచుచుందుము గదా!

2010వ సంవత్సరము మే నెల చివరివారమున ఆ పగులు వెడల్పగుట కానవచ్చెను. అధికారులు చుట్టునున్న దుకాణములను మూయించిరి, దాపుననున్న యిండ్లవారిని ఖాళీ చేయించిరి, ఆ వైపునకు జనులను పోనీయక అడ్డుకట్టిరి. మే 26వ తేది బుధవారము రాత్రి గోపురము కూలి రాళ్లగుట్ట యయ్యెను. నిత్యము జనులు క్రిక్కిరిసి తిరుగు చోటున 494 ఏండ్ల కట్టడము పడెను. క్రింద మనుష్యులు లేరు గనుక ప్రాణములు దక్కెను.

రాయలవారి గోపురము పోయినదని ఊరెల్ల కన్నీరు పెట్టినది. అది న్యాయమే. తరువాత క్రొత్త గోపురము లేచినది. 2017లో దానికి కుంభాభిషేకము జరిగినది. పాత గోపురము ఎందుకు పడినది, ఎవరు ముందుగా మరమ్మతు చేయింపవలసినది అను చర్చ శిల్పులకును ఇంజనీర్లకును తగినది, నేనందులో తలదూర్పను. నాకు ముఖ్యమైనది వేరొకటి. గోపురమును నిలుపుటకు చాలినంత జ్ఞానము సమయమునకు చేతికి రాలేదు గాని, మనుష్యులను నిలుపుటకు చాలినంత జ్ఞానము సమయమునకు చేతికి వచ్చినది. పడిన గోపురమును గూర్చి ఎల్లరును చెప్పుదురు. పడకుండ మిగిలిన ప్రాణములను గూర్చి చెప్పువారరుదు. కాపాడబడిన ప్రాణమునకు ఆనవాలుండదు, శిలాశాసన ముండదు.

ఆ దుకాణములు మూయించిన దినమును గొంచెము తలపోయుడు. పూలమ్మునామెకు పూలు వాడిపోవును. ఆ దినపు బేరము పోయిన మరల రాదు. ఒకవేళ గోపురము ఆ రాత్రి పడక, ఇంకొక యేడాది నిలిచియుండినచో, జనులేమందురు? “ఊరక భయపెట్టి మా పొట్టగొట్టిరి” అని యందురు. ఆ నింద పడుటకు సిద్ధమైనవా డొకడు ఉండుటచేతనే మూయింపగలిగిరి. ప్రమాదనివారణ మనుదానిలో కష్టమైన భాగ మిదియే. పగులు గుర్తించుట కష్టము గాదు. అది నిజముగా పడునో పడదో తెలియకముందే, నష్టమునకోర్చి, నవ్వులపా లగుట కోర్చి, “ఇక చాలు, లేవండి” అని యనుట కష్టము.

సరే, ఊరికి అధికారులున్నారు. ఇంటిలో ఆ మాట అనవలసినవారెవరు?

ఇంటిలో పగులు మొదట కనబడునది మనకే. పొయ్యి దగ్గర మనమే యుందుము. నీళ్లతొట్టి, అటక, పెరడు, పసిబిడ్డ, అన్నియు మన కన్నులయెదుటనే. కాని కనిపెట్టు కన్ను మనదైనను, ఖర్చుపెట్టు చేయి తరచుగా వేరొకరిది. తెలిసినది చేతికి దిగక ఆగిపోవుచున్న చోటు ఇదియేనని నాకు తోచుచున్నది.

మా వీథిలోని ఒక యింట జరిగినది చెప్పెదను. గ్యాసు సిలిండరును పొయ్యిని కలుపు గొట్టము మొదట గట్టిపడి, పిదప మెలిక దగ్గర సన్నని చీలికలు పట్టినది. ఆ యింటి కోడలు చూచి చెప్పినది. “వచ్చే నెల చూతములే” అనిరి. ఆ నెల వచ్చి పోయినది. మరల చెప్పినది. “నీ కన్నిటికిని భయమే” అని నవ్విరి. మూడవమారు ఆమె వాదింపలేదు. ఉదయమున సిలిండరు మూసి, రెగ్యులేటరు తీసి అల్మారలో పెట్టి, “నేడు పొయ్యి వెలిగింపను” అని కూర్చున్నది. ఆ పూట ఇంటిల్లిపాది బొరుగులును, అరటిపండ్లును, మజ్జిగయును. మామగారికి కాఫీ లేదు. సాయంకాలమునకు క్రొత్త గొట్టము వచ్చినది. ఇంటిలో ఆ దినమంతయు ముభావముగానే గడచినదట. ఆ కోడలు చేసినది దుకాణములు మూయించుటయే గదా!

ఆ గొట్టమును గూర్చి ఒక్కమాట. సామాన్యపు రబ్బరు గొట్టము పనికిరాదు. లోపల తీగ అల్లిక గలిగి, ఐ.ఎస్.ఐ. ముద్ర గల సురక్షా గొట్టమునే వాడవలయును. దానికిని ఆయుర్దాయము ఐదేండ్లే. గొట్టము మీదనే సంవత్సరము అచ్చువేసి యుండును, తుడుచునప్పుడు చదువుకొనుడు. వంటగ్యాసు గాలికంటె బరువైనది. అందుచే పైకిపోక నేలవెంట ప్రాకి, మూలలందును అల్మారల అడుగునను నిలుచును. స్వభావముచే దానికి వాసన లేదు. మనల హెచ్చరించుటకే ఆ దుర్గంధమును కలుపుదురు. వాసన వచ్చినప్పుడు దీపపు స్విచ్చి వేయరాదు, తీయనురాదు. రెంటను నిప్పురవ్వ పుట్టును. రెగ్యులేటరు మూసి, తలుపులు కిటికీలు తెరచి, అందరును వెలుపలికి పోయి, అక్కడినుండి 1906 అను సంఖ్యకు ఫోను చేయవలయును. ఆ అంకెను మనసున నుంచుకొన్న చాలదు. కంగారులో మనసు మోసగించును. వంటయింటి గోడమీద బొగ్గుతో నైనను వ్రాయుడు.

నిప్పు విషయమున స్త్రీలకు ప్రత్యేకమైన గతి యున్నది. ప్రపంచమున ఏటేట ఇంచుమించు 1,80,000 మంది కాలిన గాయములచే మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. తక్కిన ప్రమాదములు పెక్కింట పురుషులే అధికముగా నష్టపడుచుండగా, ఈ యొక్క కాలిన గాయముల విషయమున స్త్రీల సంఖ్య వారికి తీసిపోదు, కొంత మించియు నుండును. కారణము వెదకుట కష్టమా? పొయ్యి, వదులైన చీరె, వ్రేలాడు కొంగు, విరబోసిన జడ. దీనికి తోడు నూలుచీరె పోయి నైలాను చీరె వచ్చినది. నూలు మండును, నైలాను మండుటయే గాక కరిగి చర్మమునకు అంటుకొనును. పండుగనాడు క్రొత్త పట్టు, క్రొత్త నైలాను కట్టి పొయ్యిదగ్గర నిలుచుట మన ముచ్చట. కార్తికమాసమున తులసికోట చుట్టు దీపములు పెట్టి, ప్రదక్షిణము చేయునప్పుడు వెనుకకొంగు ఎచ్చట నున్నదో మనకు తెలియదు. కొంగు నడుమున దోపుటకు ఖర్చేమున్నది?

మా ఊర కలంకారీ పనివారిని చూచినప్పుడు నాకొక సంగతి తోచుచుండును. వారు కరక్కాయ నీటను పాలలోను తడిపిన వస్త్రముమీద కలముతో బొమ్మలు వ్రాసి, రంగు నిలుచుటకై కట్టెలమంటపై పెద్ద పాత్రలలో ఆ గుడ్డలను ఉడికింతురు. ఆ మంటలదగ్గర నిలుచు పనికత్తెల కట్టు చూడుడు: కొంగు బిగించి దోపి, చేతిగాజులు పైకి త్రోసి, పొడవాటి కర్రతో గుడ్డను త్రిప్పుదురు. వారికెవరును జాగ్రత్తలమీద ఉపన్యాసము చెప్పలేదు. పనితోపాటే ఆ కట్టును నేర్చిరి. వంట నేర్పునప్పుడు తల్లులు ఉప్పెంత, పులుపెంత యని నేర్పుచున్నారు గాని, కొంగెక్కడ, పాత్రకాడ ఎటువైపు త్రిప్పవలెనో వంటలో భాగముగా నేర్పుట లేదు. పొయ్యి అంచునుండి వెలుపలికి చాచియున్న కాడను పసివాడందుకొని లాగుకొన్న సంగతులు ప్రతివీథిలోను ఒకటి వినబడును.

కాలిన తరువాత చేయవలసినది ఎల్లరకు తెలియునని మన నమ్మకము. కాని మన చేతులు తెలిసినది చేయవు, అలవాటైనది చేయును. సిరా, పేడ, పసుపు, వెన్న, ఇప్పుడు పండ్లుతోముకొను పేస్టు. ఇవన్నియు వేడిని లోపలనే బంధించి, పుండును మలినపరచును. వలసిన దొక్కటియే: చల్లని నీరు, ధారగా, ఇరువది నిమిషములు. మంచుగడ్డ గాదు, ఇంటినీరే. వాపు రాకముందే గాజులు, ఉంగరములు తీయవలయును. చర్మమునకు అంటుకొన్న గుడ్డను పెరుకరాదు. పిదప శుభ్రమైన వస్త్రమును వదులుగా కప్పి వైద్యునికడకు పోవలయును. బట్టలంటుకొన్న మనిషి పరుగెత్తినచో మంటకు గాలి తోడగును. నేలమీద పడవేసి దొర్లింపవలయును, లేదా మందపు నూలు దుప్పటి చుట్టవలయును. బాణలిలో నూనె అంటుకొన్నచో నీరు పోయరాదు. పొయ్యి ఆర్పి మూత పెట్టవలయును.

“ఇరువది నిమిషములు ధారగా నీరు” అని చదువుట సులభము. మా సీమలో అది యెట్లు? మునిసిపాలిటీ కొళాయి వచ్చునప్పుడు వచ్చును, రానప్పుడు రాదు. నేను ఒకనాడు గడియారము ముందుపెట్టుకొని, పళ్లెరముపై చేయి నుంచి, చెంబుతో మెల్లగా పోసి చూచితిని. క్రింద జారిన నీటినే మరల ముంచి పోయవలసి వచ్చినది. ఇరువది నిమిషములు చాల దీర్ఘమైన కాలము. ఐదు నిమిషములకే చాలుననిపించును. పది నిమిషములకు చేయి నొచ్చును. ఏడ్చు బిడ్డ ఉన్నచో మూడు నిమిషములైన నిలువము. ఒకమారు చేసి చూచినగాని ఇది పుస్తకమువలన తెలియదు. అప్పటినుండి మా వంటయింటి గడపదగ్గర ఒక బకెట్టెడు మంచినీరు ఎల్లప్పుడును నిండుగా నుండును, గట్టిమూతతో. మూత యెందుకని యడిగెదరా? తప్పటడుగులు వేయు పసిబిడ్డ తలక్రిందుగా పడినచో బకెట్టులోని జానెడు నీరే చాలును; అరుపుకూడ వినబడదు.

ఇక పాము సంగతి. మా ఊరి పేరులోనే పామున్నది. శ్రీ యనగా సాలెపురుగు, కాళమనగా సర్పము, హస్తి యనగా ఏనుగు. మూడును శివుని సేవించి ముక్తి పొందినవని స్థలపురాణము. ధూర్జటి మహాకవి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యమున ఈ కథలనే విస్తరించి రచించెను. రాహుకేతు పూజలకై దేశము నలుమూలలనుండి జనులు ఇచ్చటికి వచ్చుచుందురు. ఇట్టి చోట సర్పమును ద్వేషింపుడని నేను చెప్పను. చెప్పవలసిన పనియు లేదు. భక్తి యుండవచ్చును, టార్చిలైటును ఉండవచ్చును.

2000 మొదలు 2019 వరకు మన దేశమున పాముకాటుచే ఇంచుమించు 12 లక్షల మంది మరణించిరని పరిశోధకులు లెక్కకట్టిరి. సగటున ఏటికి 58,000 మంది. ఇందులో సగము మరణములు జూను మొదలు సెప్టెంబరు వరకు నుండు వానకాలముననే. అధికముగా నష్టపడు రాష్ట్రములలో మన తెలుగునాడును చేరియున్నది. 2030 నాటికి ఈ మరణములను సగమునకు దింపవలెనని కేంద్రప్రభుత్వము 2024 మార్చిలో ఒక కార్యప్రణాళిక ప్రకటించినది. మంచిదే. కాని కాటుపడిన మొదటి గంటలో ఢిల్లీ రాదు. ఇంటిలోని పెద్దవారే యుందురు. బండి ఆసుపత్రివైపు తిరుగునా, మంత్రగానివైపు తిరుగునా యన్నది అప్పుడు నిర్ణయమగును.

మా ఎదురింటి అవ్వ యొకనాడు అరుగుమీద కూర్చుండి నన్నడిగినది: “ఏమమ్మా, పంతులుగారి భార్యవు, చదువుకొన్నదానవు. పామునకు మంత్రముండగా సూదిమందు లెందుకు?”

“అవ్వా, మంత్రము చెప్పువారిని బండిలో ఎక్కించుకొందము. వారు దారిపొడుగునను జపింతురు గాక. బండి మాత్రము ఆగరాదు” అంటిని.

అవ్వ కొంతసేపు ఆలోచించి, “అట్లయిన సరేలే” అన్నది. ఆమె నమ్మకమును కాదని నేను వాదించియుండినచో ఆ సాయంకాల మంతయు వాదముతోనే పోయెడిది.

మంత్రముచే బ్రదికినట్లు తోచుటకు కారణము గలదు. కరచు పాములలో పెక్కు విషము లేనివి. విషముగలవియు ఒక్కొక్కప్పుడు విషము విడువక కరచును. అట్టివారు ఏమి చేసినను, చేయకున్నను బ్రదుకుదురు. నిజముగా విషమెక్కినవానికి మాత్రము విరుగుడుమందు తప్ప గతి లేదు. అది తయారగు విధము వినదగినది. మహాబలిపురము దాపున ఇరులరు అను అడవిజాతివారు 1978లో ఒక సహకారసంఘముగా నేర్పడి, పాములను పట్టి, విషము తీసి, మరల విడిచిపెట్టుచున్నారు. ఆ విషమును కొద్దికొద్దిగా గుఱ్ఱముల కెక్కించగా, వాని రక్తమున విషమును హరించు ద్రవ్యము పుట్టును. దానిని శుద్ధిచేసినదే మన ఆసుపత్రులలోని మందు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటికిని ఒకే మందు పనిచేయును. కావున వైద్యునికి చూపుటకై పామును వెదకి చంపబోవుట వ్యర్థము. ఆ ప్రయత్నమున రెండవవానిని కరచిన సందర్భములును కలవు.

కాటుపడినవారిని నడువనీయరాదు. విరిగిన ఎముకను కట్టినట్లు కర్రదబ్బ వేసి ఆ అవయవమును కదలకుండ చేసి, పడుకొనబెట్టి తీసికొనిపోవలయును. కోయుట, నోటితో పీల్చుట, త్రాటితో బిగించి కట్టుట, మూడును కీడే. త్రాడు బిగించుటచే విషమాగుననుకొందురు. ఆగునది రక్తము, పోవునది కాలు. మన స్త్రీల విషయమున ఇంకొక జాగ్రత్త: గాజులు, మెట్టెలు, పట్టీలు, ఉంగరములు వెంటనే తీసివేయవలయును. వాపు వచ్చిన పిదప అవే ఉచ్చులగును. ముత్తైదువ మెట్టెలు తీయరాదని యడ్డుపడు పెద్దలుందురు. మరల తొడుగుకొనుటకు మనిషి యుండవలయును గదా అని మెల్లగా చెప్పుడు.

కట్లపామును గూర్చి ప్రత్యేకముగా చెప్పక తప్పదు. అది రాత్రివేళ నేలమీద పండుకొన్నవారిని కరచును. గాటు కనబడక పోవచ్చును, నొప్పియు ఉండక పోవచ్చును. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవుట, మాట ముద్దగుట కనబడినచో, వానకాలమున, నేలపడక వారికి, అజీర్ణమని వాము నమలనిచ్చి కూర్చుండరాదు. నివారణము మిక్కిలి చౌక: దోమతెర కట్టి, దాని అంచులను చాపక్రింద చుట్టును దోపవలయును. దోమకు కట్టిన తెరయే పామునకును అడ్డమగును. గోడప్రక్కన పేర్చిన కట్టెలు, పిడకలు, పాత ఇటుకలు ఎలుకలకు నిలయము. ఎలుక యున్నచోటికి పాము వచ్చును. కట్టెలమోపును ఇంటిగోడకు దూరముగా మార్చుట ఒక ఉదయపు పని.

మన తెలుగునాట ఉచితముగా వచ్చు ఆంబులెన్సు బండి, 108 సంఖ్యతో, 2005 ఆగస్టు 15న మొదలైనది. ఈ అంకె ఇప్పుడు పసిపిల్లలకును తెలియును. కాని బండివానికి మన యిల్లెట్లు చెప్పవలెనో ఎంతమందికి తెలియును? “గుడి దగ్గర” అనిన మా ఊర ఏ గుడి? మా వీథి స్త్రీలము ఒకనాటి సాయంకాలము కూడి, ఒక్కొక్కరము మన యింటికి దారి నాలుగు మాటలలో చెప్పి చూచుకొన్నాము. కొందరు పదిమాటలు చెప్పినను దారి తెలియలేదు. ఏడవ తరగతి చదువు పిల్లయొకతె అందరికంటె చక్కగా చెప్పినది. ఇది పిల్లలాటవలె తోచవచ్చును. జపానులో 1923 సెప్టెంబరు 1న, సరిగా మధ్యాహ్నపు వంటవేళ, భూకంపము వచ్చి, పొయ్యిల నిప్పు ఇండ్లకంటుకొని, లక్షకు పైబడిన జనులు నశించిరి. 1960 మొదలు ప్రతిసంవత్సరము ఆ తేదినాడు అచ్చటివారు, బడిపిల్లలు మొదలు ముసలివారివరకు, ఏమి చేయవలయునో అభినయించి అభ్యసించుచున్నారు.

మన యొద్దను ఉదాహరణము లేకపోలేదు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన ఇంచుమించు పదివేలమందిని మ్రింగినది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును చిన్నాభిన్నము చేసినను, లక్షలకొలది జనులను ముందుగనే తరలించుటచే దానితో పోల్చదగిన ప్రాణనష్టము కలుగలేదు. ఇల్లు విడిచిపోవుటకు ఆ తీరపు ఇల్లాండ్రు ఎంత బాధపడిరో! మేకలు, కోళ్లు, ధాన్యపుకుండలు విడిచిపోవలయును. ఐనను లేచిరి.

శివరాత్రి వచ్చుచున్నదనగా మా ఊరి వీథులలో కాలుమోపుటకు సందుండదు. సమ్మర్ద మనునది ఎంత అపాయకరమో 2025 జనవరి 8న తిరుపతిలో చూచితిమి. వైకుంఠద్వార దర్శనపు టోకెన్లకై వేచియున్న భక్తులలో తొక్కిసలాట జరిగి ఆరుగురు మరణించిరి. ఏర్పాటుచేయువారి బాధ్యత వారిది. అది వారు వహించితీరవలయును. మన చేతనున్న కొంత మనము చేయవచ్చును. పిల్లవాని చొక్కాజేబులో పేరును, ఫోనుసంఖ్యయును వ్రాసిన చీటి యుంచవలయును. జారిన చెప్పుకై వంగరాదు. ఒత్తిడి పెరిగినప్పుడు చేతులు రెండును ఎదురురొమ్మునకు అడ్డముపెట్టుకొని ఊపిరికి చోటుంచుకొని, ఎదురునెట్టక, ఏటవాలుగా అంచునకు జరుగవలయును. గుంపు బిగియుచున్నదని తోచిన తోడనే మరలివచ్చుట మేలు. దర్శనము రేపైనను అగును.

రహదారిమాట టూకీగా చెప్పెదను. మోటారుసైకిలుమీద వెనుక ఒకప్రక్కగా కూర్చుండు స్త్రీల కొంగు చక్రమునకు చుట్టుకొనకుండ అడ్డుకట్టు ఉండవలెనని మోటారువాహన నిబంధనలలోనే యున్నది. దానిని అందమునకై ఊడదీయింతురు. నాలుగేండ్లు దాటిన ప్రతివారికిని హెల్మెటు వలయునని చట్టము. భర్తగారి తల గట్టిదో, మన తల గట్టిదో తెలియదు గాని, ఇంటికొకటే హెల్మెటు కొనుచున్నాము.

ఇంతకుమునుపు చెప్పిన వీథి సమావేశము నెలకొకమారు, అమావాస్య పోయిన మొదటి ఆదివారమున, మా అరుగుమీద జరుగుచున్నది. ఉపన్యాసములు లేవు. ప్రతిమారును ఒక యింటికి పోయి, ఆ యింటి ఇల్లాలు చూపిన పగులొకటి చూచి, ఆ దినమే సరిచేయగలిగినది సరిచేసి వత్తుము. పదిమంది స్త్రీలు వచ్చి నిలుచుండిన తరువాత “వచ్చే నెల” అనుటకు ఏ మామగారికిని నోరాడదు. ఇది నేను కనిపెట్టిన గొప్ప లాభము. రెండిండ్లలో కిరసనాయిలు సోడాసీసాలలో నుండగా తీయించితిమి. పిల్లవాడు నీరనుకొని త్రాగినచో వాంతి చేయింపరాదనియు, వెంటనే ఆసుపత్రికి పోవలెననియు అక్కడనే చెప్పుకొంటిమి. ఒకరి పెరటిలో స్నానపుగదికి పోవు దారిన దీపము లేకుండెను. ఆ రాత్రికే బల్బు వెలిగినది.

గడచిన ఆదివారము చూచినది చివరియింటి భూమిలోని నీళ్లతొట్టి. దానికి రేకుమూత యుండెను గాని తుప్పుపట్టి ఒకమూల వంగినది. ఆ యింట ఇద్దరు పిల్లలు, ఒకడు మూడేండ్లవాడు. ఇనుపచట్రముతో బరువైన మూత బిగింపవలయును. మేస్త్రి గురువారమున వత్తుననియున్నాడు. అంతవరకు ఆ మూతమీద నలుగురము పట్టి తిరుగలిరాయి ఎత్తిపెట్టి వచ్చితిమి.